గంగ మీద నేసిన చీర

మా కాలంలో పసిపిల్లల్ని చంకనేసుకుని ఊరు దాటాలంటే ఏదో ఒక కారణం ఉండాలి. పెళ్ళో, పుట్టువెంట్రుకలో, పలకరింపో. ఊరికే సరదాకి, అదీ నీళ్ళ మీద, అదీ రెండేళ్ళవాడితో బయలుదేరిన మనిషిని ఆ రోజుల్లో జనం ఏమనేవారో ఇక్కడ రాయను, చదివేవాళ్ళలో మర్యాదస్తులుంటారు. ఇప్పుడు కాలం మారింది. మొన్న మా పెద్దకొడుకు తన కూతుర్నీ అల్లుణ్ణీ మనవణ్ణీ వెంటబెట్టుకుని బొంబాయిలో ఓడెక్కి సముద్రం మీద షికారు తిరిగి వచ్చాడు. ఆ ఓడలో అంగడి ఉందట, సినిమా ఉందట, ఈత కొట్టడానికి నీళ్ళ తొట్టి ఉందట (చుట్టూ అన్ని నీళ్ళుండగా మళ్ళీ తొట్టెందుకో నేనడగలేదు). అన్నీ చెప్పి, నడుం పట్టుకుని మంచం మీద కూలబడి, "బాపూ, రెండేండ్ల పోరన్ని పట్టుకొని నీళ్ళ మీద పోవుడంటే ఎట్లుంటదో నీకేం ఎర్క? వాడు పండలే, మమ్ముల పండనియ్యలే" అన్నాడు. నేను మీసంలోనే నవ్వుకున్నాను. ఎందుకంటే ఎప్పుడో నా వయసులో, ఆడదిక్కు లేకుండా నేనొక్కణ్ణే, రెండేళ్ళ పిల్లాడితో, మూడు పగళ్ళూ మూడు రాత్రులూ, తుఫానులో ఓడ ప్రయాణం చేసినవాణ్ణి. ఆ రెండేళ్ళ పిల్లాడు వీడే.

(తుఫానంటే మరీ తుఫాను కాదు, కండువా కొస లేచేంత గాలి. మూడు పగళ్ళంటే, పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా. ఓడ సంగతి వస్తుంది, తొందరపడకండి.)

అవి నైజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ ఇంకా రాని రోజులు. మేము సాలెవాళ్ళం, లక్సెట్టిపేటలో మగ్గం నేసుకుని బతికేవాళ్ళం. మా ఆవిడ రెండో కాన్పుకని వానాకాలానికి ముందే మంథని దిక్కున గంగ ఒడ్డు పల్లెలో ఉన్న పుట్టింటికి పోయింది. (గోదావరిని మా వైపు ఎవరూ గోదావరి అనరు, గంగ అంటారు.) ఇద్దరు పిల్లలతో సతమతమవుతుందని పెద్దవాణ్ణి మా అవ్వ దగ్గరే, అంటే మా అమ్మ దగ్గరే ఉంచింది. ఇంతలో వానలు పడి గంగ నిండింది, దారులు తెగాయి, నెలా రెండు నెలలనుకున్నది నాలుగు నెలలయింది. ఆడపిల్ల పుట్టిందన్న కబురు మాత్రం వచ్చింది. గంగ కాస్త తగ్గి పడవలు మొదలయ్యాక గాజులమ్మే ఆమె ఇంకో కబురు తెచ్చింది. "నీ పెండ్లాం బువ్వ సక్కగ తింటలేదు. పెద్దోడు నా మొకం మర్శిపోయిండు కావచ్చునని ఒక్కటే రంది. నువ్వే పోరన్ని తీస్కొస్తవేమో అని నేనంటే మీ మామ నవ్విండు. 'మొగోనితోని అయ్యే పనేనా గది? దీపాల పండుగకు బండిదారి వడ్తది, వాని అవ్వ తీస్కొస్తది. అల్లుడైతే దారిల పోరన్ని యాడనో మర్శి, కండువ ఒక్కటే భుజాన ఏస్కొని దిగుతడు' అన్నడు."

మామ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా మామకు చెప్పు. నేను ఒక్కన్నే తెస్త. పోరడు నవ్వుకుంట దిగుతడు. నవ్వకపోతే నన్ను అల్లుడని పిలువొద్దను!" అని వాకిట్లో నిలబడి గర్జించాను. మా అవ్వ పడీ పడీ నవ్వింది. "నువ్వా? పొద్దున పెట్టిన చెప్పులు మాపటికి దేవులాడుతవ్ నువ్వు." అవ్వకు మోకాళ్ళ నొప్పి, పడవ ఎక్కలేదు. కాబట్టి నా పౌరుషానికి అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయారు. (ఆ గర్జనలో మామ మీద కోపం సగమే. మిగతా సగం, 'నా మొకం మర్శిపోయిండు కావచ్చు' అన్న మాట గుచ్చిన ముల్లుది. ఇరవై నాలుగేళ్ళ మగవాడు ఆ మాట బయటికి చెప్పుకోలేడు గనక గర్జించాడు.)

ఇక ఓడ. నూరు మంది పట్టే ఓడ అది. నూరు కాదనుకోండి, పది మంది పట్టే నాటు పడవ. ఆ రోజు మాత్రం మనుషులకంటే మేకలు ఎక్కువున్నాయి. చుక్కాని దగ్గర గంగ తాత. ఆయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో, పుట్టినప్పటి నుంచి నీళ్ళ మీదే ఉన్న ముసలాయన. ముందు కూచుని తెడ్డు వేసేది ఆయన తమ్ముడు, ఆయన మాట్లాడడు కాబట్టి ఈ కథలోకి రాడు. నడుమ ఒక మేకల అవ్వ, తన మేకల్ని బిడ్డ ఇంటికి తోలుకుపోతోంది. ఆమెకెదురుగా తెల్లచొక్కా తొడుక్కుని, నల్ల అట్ట వేదపుస్తకం ఒళ్ళో పెట్టుకుని మిషను గుడి పాస్టరయ్య. ఆయన్ని చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది, ప్రార్థన చేసేవాళ్ళున్న పడవ మునగదని. నాకు ఈత రాదు మరి. (వచ్చని మా ఆవిడతో చెప్పి పెళ్ళి చేసుకున్నాను.)

మావాణ్ణి ఇంట్లో 'పటేలు' అని పిలిచేవాళ్ళం. నడక వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో వాడిదే అధికారం. ఆ పటేలు నడుముకు ఒక మెత్తని ధోవతి కట్టి, రెండో కొస నా నడుముకు ముడేసుకున్నాను. గంగ తాత చూసి, "ఏం సాలాయనా, పోరడు పడ్తడని కట్టినవా, నువ్వు పడ్తవని కట్టినవా?" అన్నాడు. పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ముడి ఇంకోసారి బిగించాను.

పడవ ఒడ్డు వదిలి నడి గంగకు రాగానే ఒక ఆచారం ఉంది. అందరూ లేచి గంగమ్మకు దండం పెట్టి ఒక పైస బిళ్ళ నీళ్ళలో వేస్తారు. మేకల అవ్వ వేసింది, నేను వేశాను, గంగ తాత రోజూ వెయ్యలేక ఒక ఆకు వేశాడు. పాస్టరయ్య మాత్రం కళ్ళు మూసుకుని ఆకాశానికి చెప్పుకున్నాడు. పటేలు ఇదంతా పెద్ద పెద్ద కళ్ళేసుకుని చూశాడు. అర్థం చేసుకున్నాడు. ఆచారమన్నాక పాటించాలిగదా! ముందు చేతిలోని జొన్నరొట్టె వేశాడు, చిట్టి చేతులు జోడించి "గంగా!" అన్నాడు. "అయ్యో నా తండ్రీ, ఎంత బుద్ధిమంతుడు!" అని మేకల అవ్వ మురిసిపోయింది. ఆ మురిపెమే కొంప ముంచింది. మెచ్చుకుంటే ఆగే వంశం కాదు మాది. తరువాత నా టోపీ పోయింది. "గంగా!" తరువాత మేకల అవ్వ వక్కల సంచి. "గంగా!" అత్తగారింటికని కరీంనగర్ నుంచి తెప్పించుకున్న కొత్త కిర్రు చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాను, అందులో ఒకటి. "గంగా!" రెండోదాని మీద నేను బోర్లా పడి కాపాడుకున్నాను. "ఒక్క చెప్పు ఏం చేస్కుంటవ్ బిడ్డా, అది సుత ఇచ్చెయ్యి, గంగమ్మ జోడు తొడుక్కుంటది" అని మేకల అవ్వ సలహా.

నేను ఆ చెప్పు కాపాడే హడావిడిలో ఉండగా పటేలు అసలు పని చేశాడు. పడవ అడుగున ఊరే నీళ్ళను తోడి పోయడానికి గంగ తాత ఒక రేకు డబ్బా ఉంచుకున్నాడు. అది గాల్లో తిరుగుతూ పోయి నీళ్ళలో బుడుంగున మునిగింది. ఈసారి "గంగా!" అని వాడు అనకముందే గంగ తాత ఇంకేదో అన్నాడు. ఆ మాట నేను రాయను, పాస్టరయ్య చెవులు మూసుకున్నాడు.

"నవ్వులాట గాదు సాలాయనా. నీళ్ళు ఊరుతనే ఉంటయ్, తోడకుంటే ఆగమైతం. జర పోరన్ని పండవెట్టు."

పండబెట్టడం! అప్పటికి నడి పొద్దయింది, వాడు ఇంట్లోనైతే పడుకునే వేళ. ఒళ్ళో వేసుకుని ఊపాను, లేచాడు. భుజాన వేసుకుని జోకొట్టాను, జుట్టు పీకాడు. ఆ తరువాత మొదలుపెట్టాడు ఏడుపు. మామూలు ఏడుపు కాదు, గట్టున పశువులు కాసేవాళ్ళు లేచి నిలబడి చూసే ఏడుపు. ఒళ్ళు విల్లులా వంచి, కాళ్ళు తన్ని, ధోవతి కొసకు కట్టిన చేపలా ఎగిరెగిరి పడుతున్నాడు. మేకల అవ్వ మేకపాలు పిండి ఇచ్చింది, ఉమ్మేశాడు. పాస్టరయ్య గొంతు సవరించుకుని ఒక కీర్తన అందుకున్నాడు. గొంతు మంచిదే గాని, ఆయనతోపాటు మేకలు కూడా అందుకున్నాయి. మేకలు బెదిరి ఒక పక్కకు జరిగితే పడవ ఆ పక్కకు ఒరిగింది. ఇటు జరిగితే ఇటు.

గంగ తాత చుక్కాని గట్టు దిక్కుకు తిప్పాడు. "ముందల రేవుల దింపుత. దిగు."

"తాతా, గట్లంటవేందే! అక్కడ ఊరు సుత లేదు."

"ఊరుకు నడిచి పో. మేకలు అటిటు ఉర్కితే పడవ బోర్లవడ్తది. ఇందరి పానాలు నీ పోరని కోసం ముంచన్నా?"

ఆ రేవులో దిగితే ముందుకు దారి లేదు, వెనక్కే పోవాలి. వెనక్కి పోతే అవ్వ నవ్వుతుంది, ఫరవాలేదు. మామ నవ్వుతాడు, అదీ ఓర్చుకోవచ్చు. కాని దీపాల పండుగ దాకా ఆవిడ ఆ ఒడ్డున, వీడు ఈ ఒడ్డున. రెండేళ్ళవాడికి ఇంకో నెలంటే ఎంత? నిజంగానే మొహం మర్చిపోతాడు.

సరిగ్గా అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. మగ్గం దగ్గర పుట్టిన పిల్లాడు, మగ్గం పక్కన బొంత మీద పెరిగిన పిల్లాడు, వాడికి నిద్రపట్టాలంటే మగ్గం చప్పుడు కావాలని నేను పసిగట్టాను. వెంటనే అడ్డచెక్క మీద సరిగ్గా కూచుని, కాళ్ళు పడవ కడుపులోకి దించి, మగ్గం గుంటలో తొక్కినట్టు తొక్కడం మొదలుపెట్టాను. పిల్లాడు మంత్రం వేసినట్టు నిద్రపోయాడు.

ఇలాగే అరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. జరిగిందేమంటే, డబ్బా పోయాక అడుగున నీళ్ళు ఊరి నా పాదాలు తడిశాయి. ఈత రాని మనిషికి పడవలో పాదాలు తడిస్తే ఏమవుతుంది? కాళ్ళు వణికాయి. వణికి వణికి మడమలు చెక్కకు కొట్టుకున్నాయి. టక టక టక టక. అంతే. ఏడుస్తున్నవాడు ఠక్కున ఆగి, తల పక్కకు వంచి విన్నాడు. వెక్కిళ్ళు తగ్గాయి. బొటనవేలు నోట్లోకి పోయింది. నేను ఆశ్చర్యంతో వణకడం మానేశాను. వాడు మళ్ళీ లంకించుకున్నాడు.

"ఆపకు, ఆపకు! ఏం చేసినవో గదే చెయ్యి!" అని గంగ తాత కేక.

"నేనేం చెయ్యలే తాతా!"

"కాళ్ళు! కాళ్ళాడించు!"

"మగ్గం సప్పుడే గది!" అని మేకల అవ్వ తొడ చరుచుకుంది. "సాలోల్ల పోరడు గదనే! మగ్గం సప్పుడు లేక పంటలేడు. అయ్య మగ్గం ఇంట్ల మర్శిపోయి వచ్చిండు!"

అప్పుడు మాత్రం నిజంగానే అడ్డచెక్క మీద సర్దుకుని కూచున్నాను. ఉత్త కాళ్ళ చప్పుడు సరిపోదు, దారాన్ని అటూ ఇటూ మోసే నాడె పరుగెత్తే చప్పుడు కావాలి, నేతను బిగించే పలక దెబ్బ కావాలి. గంగ తాత అదనపు తెడ్డు ఒకటి అందించాడు. కాలు తొక్కడం, లేని తాడు లాగడం, తెడ్డుతో చెక్క మీద ఒక దెబ్బ. టక టక ధబ్. టక టక ధబ్. పటేలు నా పక్కన మేకల అవ్వ గొంగడి మీద ఒరిగి కళ్ళు మూశాడు. మేకలు కూడా కూచున్నాయి. గంగ తాత చుక్కాని మళ్ళీ నడి గంగకు తిప్పాడు. పాస్టరయ్య తన సద్ది గిన్నె ఖాళీ చేసి, దానితో నీళ్ళు తోడి పోయసాగాడు. నేను ఆపితే వాడు కళ్ళు తెరుస్తాడు, కాబట్టి ఆపేది లేదు. నడి పొద్దు నుంచి పొద్దు వాలేదాకా, పడుగు లేదు, పేక లేదు, గంగ మీద గాలిని నేశాను.

ఊరికే ఉంటారా మనవాళ్ళు! "ఎంత దాక అయిందే చీర?" అని గంగ తాత. "బెత్తెడు కొంగు మిగిలింది" అని నేను. మేకల అవ్వ దగ్గరికి జరిగి, నేసిన గుడ్డను పట్టుకుని చూసినట్టు గాలిలో వేళ్ళు రాసి, "జర పల్చగున్నది బిడ్డా. గీ చీర నాకే ఇయ్యాలె. ఎర్రంచు పెట్టు, బెత్తెడు. పచ్చంచు నాకు మంచిగుండది" అంది. సరే, ఎర్రంచే అన్నాను. "పాస్టరయ్యకు?" అంటే, ఆయన నీళ్ళు తోడుతూ, "నాకు తెల్లదే బాబూ, అంచు వద్దు. నీకు పని తక్కువైతది" అన్నాడు. నా నడుం విరుగుతోంది, చేతులు బొబ్బలెక్కుతున్నాయి, అయినా అంత సంతోషంగా నేసిన చీర నా జన్మలో ఇంకోటి లేదు. ఒక్కటే లోటు. పటేలు నిద్రలో ఉండుండి ఉలిక్కిపడి, ఏదో వినబడనట్టు తల అటూ ఇటూ తిప్పి సన్నగా మూలిగేవాడు. ఏదో తక్కువైంది. తెడ్డు దెబ్బ మార్చి చూశాను, తొక్కుడు మార్చి చూశాను. ఏం తక్కువైందో నాకు అంతుపట్టలేదు.

దీపాల వేళకు పల్లె రేవు వచ్చింది. పడవ ఇసుకకు తగిలింది, నా మగ్గం ఆగింది, పటేలు లేచాడు. లేచి, రేవులో నిలబడ్డ మామ చూస్తుండగా, మధ్యాహ్నపు ఏడుపు ఎక్కడ వదిలాడో అక్కణ్ణించి అందుకున్నాడు. టోపీ లేదు, ఒక్క కాలికే చెప్పు, నడుముకు ఏడుస్తున్న పిల్లాడు వేలాడుతున్నాడు, ఇట్లా దిగాను అత్తగారి ఊళ్ళో. "నవ్వుకుంట దిగుతడన్నవు గదనే అల్లుడా?" అన్నాడు మామ, మీసం దువ్వుకుంటూ. అంతలోనే ఆవిడ పరుగెత్తుకొచ్చింది. బాలింత, తలకు గుడ్డ కట్టుకుంది, చిక్కిపోయింది. రెండు చేతులూ చాచి, "నా పటేలొచ్చిండా!" అంది.

వాడు ఆమెను చూశాడు. చూసి, మొహం తిప్పుకుని, నా మెడ గట్టిగా పట్టుకున్నాడు.

మామ మీసం మీది చెయ్యి కిందికి దిగింది. ఆవిడ చాచిన చేతులు మెల్లగా దించి, నా చేతిలోని సంచి అందుకుని, "నడువుండ్రి, ఇంటికి పోదాం. నీళ్ళు కాగుతున్నయి" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. మధ్యాహ్నం నుంచి నేసిందంతా ఆ రేవులోనే తెగిపోయినట్టనిపించింది.

ఇంటికి పోయాం. వాడు నా భుజం దిగడు. అత్త బెల్లం ముక్క చూపించింది, చెల్లెల్ని చూపించారు, దిగడు. ఆవిడ వాడి వైపు చూడటం మానేసింది. చూస్తే ఏడుపొస్తుందని కాబోలు, మూలనున్న రాట్నం ముందు కూచుని, చేతికి పని ఉండాలి గనక, నూలు కండెలు చుట్టసాగింది. గుర్ర్... గుర్ర్... గుర్ర్...

నా భుజం మీద పటేలు తల లేచింది.

అప్పుడు తెలిసింది నాకు పడవలో తక్కువైందేమిటో. మా ఇంట్లో మగ్గం ఒక్కటే మోగేది కాదు. నేను నేస్తుంటే పక్కన ఆవిడ రాట్నం తిప్పేది. వాడు పుట్టినప్పటి నుంచి విన్నది ఆ రెండు చప్పుళ్ళూ కలిపి. గంగ మీద నేను సగమే నేశాను.

వాడు జారి కిందికి దిగాడు. చిన్నగా నడిచి వెళ్ళి, ఆవిడ వెనక నిలబడి, మా ఇంట్లో నిలబడినట్టే, వీపు మీద అరచెయ్యి వేశాడు. ఆవిడ రాట్నం ఆపలేదు, వెనక్కి తిరగలేదు, భుజాలు మాత్రం వణికాయి. వాడు ముందుకొచ్చి, ఒళ్ళో కూలబడి, చుట్టి పెట్టిన కండె ఒకటి తీసుకుని, వాకిట్లోకి గిరాటేసి, చేతులు జోడించి, "గంగా!" అన్నాడు. అని, పకపకా నవ్వాడు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

"సూశినవా మామా," అన్నాను, ఒంటి చెప్పుతోనే ఛాతీ విరిచి, "పోరడు నవ్వుకుంట దిగుతడన్న. పడవ దిగుతడన్ననా? నా భుజం దిగుతడన్న."

"నీతోని మాట్లాడుడు నాకు పరేషానేనయ్యా. కాళ్ళు కడుక్కో పో" అన్నాడు మామ. తెల్లారి తన పాత చెప్పుల జోడు నాకిచ్చాడు.

మొన్న ఓడ దిగి వచ్చిన మా పెద్దకొడుక్కి ఈ కథంతా మళ్ళీ చెప్పాను. "నేను గట్ల చెయ్యలే" అన్నాడు. పింఛను తీసుకునే పెద్దమనిషి కదా, ఒప్పుకోడు. నీ మనవడు ఓడలో ఎందుకు పడుకోలేదో కనుక్కో, వాడింటి చప్పుడేదో అక్కడ లేదని చెప్పాను. కనుక్కుంటే, వాళ్ళింట్లో కిర్రుమనే పాత పంకా ఒకటుందట, ఓడలోని పంకాలకు చప్పుడే లేదట. అంత పెద్ద ఓడ కట్టినవాళ్ళకు ఆ మాత్రం తెలియలేదు.

మగ్గం ఎప్పుడో తీసేశాం. మధ్యాహ్నం పూట నడుం వాల్చితే నాకే నిద్రపట్టదు, మంచం పట్టె మీద కాళ్ళు వాటంతటవే ఆడుతుంటాయి. పక్కన గోడకానుకుని కూచున్న మా ఆవిడ చూసి, "ఎవ్వలకు నేస్తున్నవయ్యా చీర?" అంటుంది.

"మేకల అవ్వకు. ఎర్రంచు చెప్పింది గద."

"ఆమె పోయి ఎన్నేండ్లాయె!"

"అందుకే, తొందరేం లేదు."

ఆవిడ నవ్వుతుంది. నవ్వుతూనే కొంగు మొహం మీదికి లాక్కుని, అక్కడే తల వాల్చి, కాసేపటికి గుర్ర్... గుర్ర్... అని కునుకు తీస్తుంది. రెండో చప్పుడు దొరికింది గదా, ఇక నాకూ కళ్ళు మూతలు పడతాయి.

(గురక అంటే ఆవిడ ఒప్పుకోదు. నేనూ ఎవరితోనూ అనను. అది రాట్నమే.)